కాగితం పూలా, గన్నేరా? నీళ్ళ సంగతి సరే, కొమ్మలు యాడ పడేస్తారు?

అడిగినాయనది అనంతపురం పక్కన కొత్త ఇల్లంట, బోరు అంతంతమాత్రమంట, కాంపౌండ్ గోడ పొడుగునా పూలచెట్లు పెట్టాలంట, కాగితం పూలు మేలా గన్నేరు మేలా, ఏది తక్కువ నీళ్ళతో బతుకుతాది అని ప్రశ్న.

మాదీ అనంతపురమే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడాల్సినప్పుడు పడని ఊరు. రెండు చెట్లూ మా ఇంట్లో ఉండాయి, గేటు పక్కన కాగితం పూలు, పడమటి గోడకి గన్నేరు, పదకొండేళ్ళ నుంచి. నీళ్ళ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా, రెండూ చావవు. బెంగళూరు పోయే 44 హైవే మీద డివైడర్లు చూసింటారు గదా, మే నెల ఎండలో లారీల పొగ మింగుతూ నిలబడి పూసేటివి ఈ రెండే. వేరు పట్టేదాకా మొదటి ఏడాది వారానికి రెండుసార్లు బకెట్ నీళ్ళు పోయండి, ఆ తర్వాత ఎండాకాలంలో ఎప్పుడన్నా గుర్తొస్తే పోయండి, చాలు.

నిజానికి కాగితం పూలకి నీళ్ళు ఎక్కువైతేనే తంటా. మా అత్తమ్మ దాన్ని ముద్దుగా సాకింది, రోజూ బియ్యం కడిగిన నీళ్ళు, నెలకోసారి పేడ ఎరువు. రెండేళ్ళు ఆకులే ఆకులు, తీగ మిద్దెక్కింది, పూత మాత్రం ఒక్కటి లేదు. మూడో ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పించుకునే గతి పట్టింది, మనుషులకే బిందెలు లెక్కపెట్టుకుంటాంటే చెట్టుని ఎవరు చూస్తారు. నెల దాటేసరికి సగం ఆకులు రాలి మిగతా కొమ్మంతా రంగు తిరిగింది. "సాకినన్నాళ్ళు పూయలేదు, ఎండబెడితే పూసింది, ఏం చెట్టమ్మా ఇది" అని మా అత్తమ్మకి ఇప్పటికీ దాని మీద కోపమే. అన్నట్టు ఆ రంగుది పువ్వు కాదు, ఆకు లాంటిదే, మధ్యలో అగ్గిపుల్ల తలంత తెల్లగా ఉంటాయే, అవీ అసలు పూలు. ఇంకోటి, రంగు చూసి కొనేటట్టయితే పూత మీద ఉన్నప్పుడే కొనండి. నేను పసుపు రంగని ఒక నర్సరీలో 250 పెట్టి తెచ్చుకున్నా, తీరా పూస్తే ఊరంతా ఉండే రాణి కలరే. పోయి అడిగితే "మట్టి తేడా మేడమ్" అన్నాడు. మట్టికి రంగు మారేదయితే మా వీధిలో అందరివీ పసుపే అయ్యుండాల గదా.

ఇంక గన్నేరు. నేను డిగ్రీలో బీజెడ్‌సీ, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ప్రాక్టికల్స్‌లో బ్లేడుతో గన్నేరు ఆకుని అడ్డంగా సన్నగా కొయ్యాలి, ఎన్నిసార్లు వేలు కోసుకున్నానో లెక్కలేదు. సరిగ్గా వచ్చిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే ఆకు అడుగు పక్క చిన్న చిన్న గుంతలు కనిపిస్తాయి, గుంతల నిండా వెంట్రుకలు, ఆ వెంట్రుకల చాటున ఆకు గాలి పీల్చే రంధ్రాలు. వడగాలి నేరుగా వాటికి తగలదు, లోపలి తడి అంత సులభంగా బయటికి పోదు. అది చూసినాక నాకు గన్నేరంటే ఒక గౌరవం. అందుకే ఇల్లు కట్టగానే అదే పెట్టినా.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నీళ్ళ గురించి అడిగినారు, అడగాల్సింది అది కాదు. ఏడాదికి రెండుసార్లు వీటిని కొట్టాల, కొట్టిన కొమ్మలు యాడ పడేస్తారు?

నాలుగేళ్ళ కిందట దసరాకి ముందు గన్నేరు గోడ దాటి కరెంటు తీగెల మీదికి పోతాందని మనిషిని పెట్టి కొట్టించినాం. మా ఆయన కొమ్మలన్నీ ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్‌లో కుప్ప వేయించినాడు, ఎండినాక చూద్దాంలే అని. నాకూ ఏమనిపించలేదు, ఎందుకంటే మా వీధిలో తిరిగే ఆవులు, మేకలు అప్పటికి ఏడేళ్ళలో ఒక్కసారి గన్నేరుకి మూతి పెట్టలేదు, పచ్చి ఆకు చేదు వాటికి తెలుసు. నాకు తెలియని ముక్క ఏందంటే, వాడిన ఆకుకి ఆ చేదు తగ్గుతాది, విషం తగ్గదు. మూడోరోజు పొద్దున పక్కింటి పెద్దమ్మ గేటు కొడతాంది. "ఏం పాపా, ఆ కుప్ప మీదేనా? మా పెయ్య దూడ రాత్రి నుంచి లేస్తా పడతా ఉంది." పోయి చూస్తే దూడ నోట్లో చొంగ తీగలు తీగలుగా కారతాంది, పేడ నీళ్ళలాగా పోతాంది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉండాయి. డాక్టరు వచ్చి ఎడమ పక్క ముందుకాలు వెనకాల స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నా చెవుల్లో పెట్టినాడు. రెండు దెబ్బలు, మళ్ళీ ఏమీ లేదు, ఇంక ఆగిపోయిందేమో అనుకునేసరికి గబగబా మూడు. గన్నేరు విషం గుండె మీదే పని చేస్తాదని చదివి మార్కులు తెచ్చుకున్నదాన్ని, చెవితో వినడం అదే మొదలు. గొట్టం పెట్టి బొగ్గుపొడి నీళ్ళు తాపినారు, ఇంజెక్షన్లు ఇచ్చినారు. ఆకు కొంచెమే తినిందంట, అందుకే మూడోనాటికి గడ్డి ముట్టింది. పూర్తిగా ఒక గుప్పెడు తినుంటే చెప్పలేను అన్నాడు డాక్టరు.

మందుల ఖర్చంతా మేమే ఇచ్చినాం, పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. కానీ పాలు ఆగిపోయినాయి. అంతకుముందు ఆరేళ్ళు ఆమె దగ్గరే లీటరు పోయించుకునేవాళ్ళం, ఆ నెల నుంచి "చాలట్లేదు పాపా" అంటాది, ఎదురింటోళ్ళకి మాత్రం చాలతాయి. ఇప్పుడు ప్యాకెట్ పాలే, వాటి మీద మీగడ కట్టదు, ఆ పెరుగు గరిటెకి సాగుతాది, వద్దులే ఆ గోల.

అట్లని కాగితం పూలు సాధువేం కాదు. దాని ముల్లు కొమ్మ మారి వచ్చినదని, పశువుల నుంచి కాపాడుకోడానికని పుస్తకంలో ఉంటాది, మా వీధి మేకలు ఆ పాఠం చదవలేదు, ముల్లు పక్కన ఆకు నీటుగా తెంపుకుని తింటాయి. ముళ్ళకి దొరికేది మనమే. కొట్టిన కొమ్మలు ఊడ్చినాక కూడా నాలుగు తునకలు రోడ్డు మీద మిగిలి ఎదురింటి పిల్లోడి స్కూటీ ఒకే వారంలో రెండు పంచర్లు. తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, గోనె సంచిలో కుక్కితే సంచి చిరుగుతాది.

యూట్యూబ్‌లో ఈ రెండిటినీ "జీరో మెయింటెనెన్స్" అని చెప్పేవాళ్ళని మా ఇంటికి పంపండి, కత్తెర ఇస్తా.

నా మాట వింటే, గేటు వైపు, ఎండ పడే చోట కాగితం పూలు పెట్టండి, మనుషులు రాసుకుపోయే దారికి నాలుగడుగులు ఎడంగా. గన్నేరు పడమటి గోడకి, వడగాలి తగిలే పక్కకి. ఇంట్లో ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం గన్నేరు ఇప్పుడే వద్దు, ఆగండి, ఎందుకంటే ఆకు, పువ్వు, బెరడు అన్నిట్లో విషమే. పచ్చ గన్నేరు, గంటల్లాంటి పసుపు పూలది, అది వేరే చెట్టు గానీ విషంలో దీనికి అక్కే. బిళ్ళ గన్నేరు, దేవ గన్నేరు కూడా వేరే, నర్సరీలో వట్టి "గన్నేరు" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు, చూసుకుని తెచ్చుకోండి.

గన్నేరు కొట్టినాక కాల్చొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు. నేనిప్పుడు మా పెరట్లోనే మూల గుంత తీసి పూడ్చేస్తాండా. కొట్టేముందు ఆకుల కింద ఒకసారి చూడండి, ఒక్కోసారి వెండి గిన్నె మెరిసినట్టు చిన్న గూడు వేలాడుతుంటాది, అద్దంలా మన మొహం కూడా కనిపిస్తాది, నల్ల సీతాకోకచిలుకది. ఆ పురుగు మాత్రం ఆ విషం ఆకే తిని పెరుగుతాది, దానికేం కాదు. గూడున్న కొమ్మ వదిలేసి మిగతావి కొడతా.

నాటేది ఆగస్టులో నాటండి, మనకి వానలు గట్టిగా పడేది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే. గన్నేరు కొనాల్సిన పని కూడా లేదు, జానెడు కొమ్మ నీళ్ళ సీసాలో పెడితే కొన్ని వారాల్లో వేర్లొస్తాయి. తుంచినాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ సీసా పొరపాటున వంటింట్లో పెట్టొద్దు.