ఫిషర్ ఒక్కటే చెప్పాను, ఇంటర్వ్యూ పోయింది

ప్రశ్న: ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ పూర్తయింది. జీడిమెట్లలో ఓ కంపెనీ ఆర్ అండ్ డీ ఇంటర్వ్యూలో ‘అనిలిన్, నైట్రో బెంజీన్ లాంటి మామూలు సరుకు నుంచి ఇండోల్ (బెంజీన్ రింగ్‌కు నైట్రోజన్ ఉన్న ఐదు పరమాణువుల రింగ్ అతుక్కున్న అణువు) ఎలా చేస్తావు?’ అని అడిగారు. ఫిషర్ పద్ధతి చెప్పి ఆగిపోయాను. ఇలా కనిపెట్టినవాళ్ల పేర్లతో పిలిచే నేమ్ రియాక్షన్లన్నీ బట్టీ పట్టాలా? ఇంట్లోవాళ్లు క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో చేరిపొమ్మంటున్నారు.
– ఓ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: బట్టీ వద్దమ్మా. 1883 నాటి ఫిషర్‌తో మొదలుపెట్టి మంచి పనే చేశారు. అది ఎక్కడ మొరాయిస్తుందో కూడా చెప్పాల్సింది.

అనిలిన్‌ను 0–5 డిగ్రీల దగ్గర డయజోటైజ్ చేసి (డయజోనియం లవణంగా మార్చి) రెడ్యూస్ (క్షయకరణం) చేస్తే ఫినైల్ హైడ్రజీన్. దానికి కీటోన్ కలిపి యాసిడ్‌లో వేడి చేస్తే కొత్త కార్బన్–కార్బన్ బంధం ఏర్పడి, చివరికి అమోనియా పోతుంది. పోయే నైట్రోజన్ ఏది? రింగ్‌కు దూరంగా ఉన్నది. మాక్ ఇంటర్వ్యూల్లో నేను ముందుగా అడిగేది ఇదే. ఎలక్ట్రాన్ల కదలికను చూపే బాణాలు తడబడకుండా గీసేవాళ్లు చాలా తక్కువ. ఇక మొరాయించే చోటు: హైడ్రజీన్ రింగ్ మీద మెటాలో (నైట్రోజన్ ఉన్న కార్బన్ నుంచి రెండో కార్బన్ మీద) క్లోరిన్ ఉంటే 4-క్లోరో, 6-క్లోరో ఇండోల్స్ కలగలిసి వస్తాయి, విడదీయలేక ప్రాణం మీదికొస్తుంది. అసిటాల్డిహైడ్ వేస్తే ఉత్త ఇండోల్ సరిగా రాదు.

అప్పుడే మిగతా దారులు అక్కరకొస్తాయి. నైట్రోజన్ ఉన్న రింగ్‌లో 2, 3 స్థానాలు ఖాళీగా కావాలా? ఆర్థో నైట్రో టోలీన్‌ను (నైట్రో పక్క కార్బన్ మీదే మిథైల్ ఉన్నది) డీఎంఎఫ్-డీఎంఏ అనే రియేజెంట్‌తో ఎనమీన్‌గా (డబుల్ బాండ్‌కు నైట్రోజన్ తగిలి ఉన్న అణువుగా) మార్చి నైట్రోను రెడ్యూస్ చేయండి, రింగ్ దానంతటదే మూసుకుంటుంది. ఇది లీమ్‌గ్రూబర్–బాచో. నైట్రో పక్కనే ఆర్థోలో గ్రూప్ ఉందా? వినైల్ గ్రిగ్నార్డ్ (మెగ్నీషియం ఉన్న రియేజెంట్) 3 ఈక్వివలెంట్లు (మోల్స్ లెక్కన మూడు రెట్లు) వేస్తే ఆ గ్రూప్ 7వ స్థానంలో ఉన్న ఇండోల్ వస్తుంది. ఇది బార్టోలి, 1989. చేతిలో ఆర్థో అయోడో అనిలిన్ ఉంటే ఆల్కైన్, పల్లాడియం ఉత్ప్రేరకంతో లారాక్ పద్ధతి.

ముందు రింగ్ మీద ఏముందో చూడండి, పేరు తర్వాత గుర్తొస్తుంది.

క్యూసీ మంచి ఉద్యోగమే. కానీ మీ ఉత్తరం నిండా ఉన్నది సింథసిస్ మీద ఇష్టం. ఒక్క ఇంటర్వ్యూ కోసం దాన్ని వదులుకోకండి. తార్నాక ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ప్రాజెక్ట్ పోస్టుల ప్రకటనలు గమనిస్తూ ఉండండి, ఆ బెంచ్ అనుభవానికి కంపెనీల్లో విలువుంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్ పరీక్ష) రాయండి.

ఈలోగా మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్ నిర్మాణం గీయండి. అందులోని ఇండోల్ 5వ స్థానంలో ఉన్న గ్రూప్ హైడ్రజీన్‌లో పారాలో (నైట్రోజన్‌కు సరిగ్గా ఎదురుగా) ఉండాలి కదా, మరి ఫిషర్‌లో ఎన్ని ఇండోల్స్ వస్తాయి? ఒక్కటే. ఎందుకో కాగితం మీద రాసి నాకు పంపండి.