రాజీ కాగితం మీద సంతకానికి ముందు

అమ్మలూ,

జైల్లో వార్డరు కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని నీ క్లయింటు వేసిన నష్టపరిహారం దావాలో ప్రభుత్వం తరఫు వాళ్లు రాజీకొస్తున్నారని నిన్న ఫోన్లో చెప్పావు. నీ తొందర చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చంచల్‌గూడ వెళ్లు. ములాఖత్‌లో "ఎంతకు ఒప్పుకుంటావు" అని అడగకు, "నీకేం కావాలి" అని అడుగు. చెయ్యి సరిగ్గా అతుక్కోని మనిషి డబ్బుకంటే ముందు ఆపరేషన్ కోరతాడు. కొట్టిన వార్డరే ఇంకా అదే బ్యారక్‌లో డ్యూటీ చేస్తుంటే, వేరే బ్యారక్ కావాలంటాడు. ఇవి మన దావాలో అడగలేదు, రాజీలో మాత్రం రాయించుకోవచ్చు.

అవతలివాళ్లు సార్వభౌమాధికారం పేరు చెప్పి, ప్రభుత్వం మీద పరిహారం అడగడం కుదరదని నిన్ను భయపెడతారు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగి పరిహారం కోసం హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో రిట్ వేస్తే ఆ వాదన చెల్లదని 1993లోనే నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లికి లక్షన్నర ఇప్పించింది. ఆ పాత అంకె పట్టుకుని బేరానికొస్తే ఒప్పుకోకు. ముప్పై ఏళ్లు దాటిపోయాయి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఖైదీ కేసులో ఎంత పరిహారమో రాయించాను కానీ, ఎప్పటిలోగా కట్టాలో రాయించలేదు. లోక్ అదాలత్‌లో ఆ రాజీ అవార్డయింది, అంటే తీర్పుగా ఖాయమైంది. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని మీద అప్పీలు లేదు. ఫైలు ఫలానా సీటులో ఉందనీ, బడ్జెట్ రాలేదనీ నెలలకు నెలలు తిప్పారు. ఆ ఖైదీ తల్లి వచ్చినప్పుడల్లా సంచిలోంచి అవార్డు కాపీ తీసి నా బల్ల మీద పరిచేది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఆమె ముఖంలోకి చూడలేకపోయేవాణ్ణి. చివరికి అవార్డు అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే గానీ డబ్బు రాలేదు. అందుకే గడువు తేదీ, దాటితే వడ్డీ, ఎవరి ఖాతాలో వెయ్యాలి, ఈ మూడూ లేకుండా సంతకం చేయించకు.

"ఇకమీదట ఏ ఫిర్యాదూ చేయను" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయించు. ఆ వార్డరు మీద క్రిమినల్ కేసు వేరు, దాన్ని ఈ బేరంలోకి రానివ్వకు.

ఇక సంతకం. అతనికి ఉర్దూ తప్ప రాదన్నావు, పత్రమేమో ఇంగ్లీషులో ఉంటుంది. ఉర్దూలో రాయించి, నువ్వే దగ్గర కూర్చుని ప్రతి షరతూ చదివించు. జైలు ఆఫీసులో అధికారి ఎదురుగా సంతకం పెట్టమంటే ఏ ఖైదీ కాదనగలడు? అతన్ని కోర్టుకు పిలిపించమని పిటిషన్ వెయ్యి, జడ్జిగారే అడిగి తెలుసుకోనీ. వీడియోలో అయితే, పక్కన ఎవరు నిలబడ్డారో చూపించమని అడుగు.

అన్నీ విన్నాక అతను వద్దంటే అంతే, నువ్వు బతిమాలకు. ములాఖత్ అవగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న