ఐఎస్ఎల్ మళ్లీ మొదలవుతోంది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కొత్త సీజన్ 2026 ఫిబ్రవరి 14న మొదలవుతుందని కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ జనవరి 6న ప్రకటించారు. అప్పటి నుంచి ఫుట్‌బాల్ మీదే ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: సెప్టెంబరులో మొదలవ్వాల్సిన లీగ్ ఫిబ్రవరి దాకా ఎందుకు ఆగింది? తప్పెవరిది? (ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్)

ఒక్క ఒప్పందం ముగియడంతో వచ్చింది ఇదంతా. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ తన వాణిజ్య హక్కుల్ని 2010లో 15 ఏళ్లకు రాసిచ్చేసింది. రిలయన్స్ వాళ్ల ఎఫ్ఎస్‌డీఎల్ సంస్థ ఏటా 50 కోట్ల రూపాయలు ఫెడరేషన్‌కి కట్టేది, 2014 నుంచి ఐఎస్ఎల్‌ని నడిపేది. ఆ గడువు 2025 డిసెంబరు 8తో తీరిపోవాల్సి ఉంది, అంటే సీజన్ నడిమధ్యలో. ఆ తర్వాతి మ్యాచ్‌లు ఎవరు నడపాలి, ఎవరు డబ్బు పెట్టాలి అన్నది తేలకపోవడంతో జులైలోనే ఎఫ్ఎస్‌డీఎల్ సీజన్‌ని నిలిపేసింది. కొత్త ఒప్పందం చేసుకుందామంటే ఫెడరేషన్ నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉంది, అది తేలేదాకా సంతకాలు పెట్టొద్దని కోర్టు చెప్పింది. చివరికి తెలుగువారైన మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు తయారుచేసిన నియమావళికి సెప్టెంబరు 19న కొన్ని మార్పులతో కోర్టు ఆమోదం దొరికింది, ఆ వెంటే టెండర్ పిలిచారు. ఏటా కనీసం 37.5 కోట్లు లేదా ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది ఫెడరేషన్‌కి కట్టాలన్నారు. నవంబరు 7న గడువు ముగిసేసరికి ఒక్కటంటే ఒక్క బిడ్ రాలేదు.

తప్పెవరిదని అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. గడువు ఎప్పుడు తీరుతుందో 2010లో సంతకం పెట్టిన రోజునే తెలుసు. ఆ తేదీని పెట్టుకుని రెండేళ్ల ముందే కదలాల్సిన బాధ్యత ఫెడరేషన్‌ది. కోర్టు కేసు అడ్డొచ్చిన మాట నిజమే, కానీ ఆ కేసూ నిన్న మొన్న మొదలైంది కాదు. ఈలోగా నష్టపోయింది ఆటగాళ్లు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి, కొన్ని ప్రాక్టీసు కూడా మానేశాయి. మాంచెస్టర్ సిటీని నడిపే సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ డిసెంబరులో ముంబై సిటీ క్లబ్ నుంచి తప్పుకుంది. జనవరి మొదట్లో సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ ఝింగన్ లాంటివాళ్లు మా ఆటను కాపాడండి అని ఫిఫాని వేడుకుంటూ వీడియో పెట్టాల్సి వచ్చింది. దేశానికి కెప్టెన్సీ చేసినవాళ్లు అలా అడగాల్సి రావడం చూసి నాకు చాలా బాధేసింది.

ప్రశ్న: జట్ల జాబితాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరే లేదు. మనవాళ్లు ఏమైపోయారు? (ఒక అభిమాని, కూకట్‌పల్లి)

ఢిల్లీ వెళ్లిపోయారు. 2025 అక్టోబరులో ఆ క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది, ఈ సీజన్‌లో ఆ పేరుతోనే ఆడుతుంది.

నిజానికి ఆ జట్టు మన దగ్గరికి వచ్చింది కూడా ఇలాగే. 2019లో పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్‌కి చోటు దక్కింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు జట్టును పోగొట్టుకున్న ఊరికి ఇప్పుడు మన జట్టు చేరింది. స్థానిక అకాడమీ, సొంత స్టేడియం, ఊళ్లో వేళ్లూనుకున్న అభిమాన సంఘం లేని క్లబ్బుని యజమాని ఎప్పుడైనా, ఎక్కడికైనా తీసుకెళ్లిపోవచ్చు, ఆపేవాళ్లుండరు.

ఆ జట్టు ఇచ్చిన ఆనందం మాత్రం ఎక్కడికీ పోదు. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు, మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక రెండేళ్లలో కప్పు కొట్టింది. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టాండ్స్ నిండా పసుపు చొక్కాలేసుకున్న కేరళ జనం, మైదానంలో మాత్రం పసుపు జెర్సీలు మన ఆటగాళ్ల ఒంటి మీద, ఎందుకంటే రెండు జట్ల రంగూ పసుపే, లీగ్‌లో పైన నిలిచింది మనవాళ్లు కాబట్టి సొంత రంగు మనకే దక్కింది. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన షాట్ గోల్‌లోకి దూసుకెళ్లింది. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి లెస్కోవిచ్, నిషూ కుమార్, జీక్సన్ సింగ్ ముగ్గురినీ ఆపేశాడు. హాలిచరణ్ నర్జారీ చివరి కిక్ లోపలికి కొట్టాడు. 3-1. ఆ సీజన్‌లో మన స్ట్రైకర్ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా చూసే భాగ్యం మనకు లేకపోయింది. మరుసటి ఏడాది రెండో స్థానం, ఆ తర్వాత జీతాలు అందలేదు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో మళ్లీ అట్టడుగు. బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బుని తీసుకున్నా ఇక్కడ నిలబెట్టలేదు.

ఇప్పుడు ఢిల్లీ జట్టుకి సపోర్ట్ చేయాలా అంటే, అది మీ మనసుకి సంబంధించింది. నేనైతే చేయను.

ప్రశ్న: ఒక్కో జట్టుకి 13 మ్యాచ్‌లేనట. దీన్ని సీజన్ అంటారా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

14 జట్లు, ఒక్కో ప్రత్యర్థితో ఒక్కసారే ఆట, మొత్తం 91 మ్యాచ్‌లు. 2024-25 సీజన్‌లో ఒక్కో జట్టు 24 ఆడింది, కాబట్టి దాదాపు సగానికి కోత పడింది. 13 బేసి సంఖ్య కదా, సొంతగడ్డ మీద, బయట సమానంగా ఆడటమే కుదరదు. ఈసారి ఒక్క ఓటమి కూడా బాగా గట్టిగా తగులుతుంది, తేరుకునే టైమ్ ఉండదు. 2024-25లో షీల్డు (లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది), కప్పు (ప్లేఆఫ్ ఫైనల్ గెలిస్తే దక్కేది) రెండూ గెలిచిన మోహన్ బగాన్ లాంటి జట్టుకైనా అంతే.

ఏమీ లేకపోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. భారత జట్టు సంగతే చూడండి, 2025 అక్టోబరులో మార్గావ్‌లో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం, నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. నెలల తరబడి లీగ్ మ్యాచ్‌లు లేని ఆటగాళ్ల కాళ్లలో ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఫుట్‌బాలే కెరీర్ అంటున్నాడు. ఈ వార్తలు చూస్తే టెన్షన్‌గా ఉంది, మాన్పించెయ్యమంటారా? (ఒక తల్లి, విశాఖపట్నం)

మాన్పించొద్దమ్మా. కానీ మీ టెన్షన్ కూడా అర్థం లేనిదేం కాదు.

సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అప్పట్లో పోలీసు జట్టు ఆటగాడికి ఆటతో పాటు శాఖలో ఉద్యోగం కూడా ఉండేది. ఇప్పుడు క్లబ్ ఒప్పందం ఒక్కటే ఆధారం. ఒప్పందం బాగున్నప్పుడు డబ్బు ఎక్కువే, ఆగితే మాత్రం ఇంటద్దె కూడా కష్టం.

అందుకని చదువు ఆపనివ్వకండి. రైల్వేల్లో, సర్వీసెస్‌లో (సైనిక దళాల్లో) స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి, వాటికి చదువు, సర్టిఫికెట్లు రెండూ కావాలి. అకాడమీలో చేర్చేముందు దానికి ఫెడరేషన్ గుర్తింపు ఉందో లేదో, పిల్లల్ని ఫెడరేషన్ సీఆర్ఎస్ విధానంలో (ఆటగాళ్ల ఆన్‌లైన్ నమోదు పద్ధతి) రిజిస్టర్ చేస్తున్నారో లేదో అడగండి. నోటిమాట నమ్మొద్దు, నమోదు చూపించమనండి. ఫెడరేషన్ జాతీయ యూత్ లీగ్‌లలో ఆడే అకాడమీ అయితే ఇంకా మంచిది. రేపు ప్రొఫెషనల్ అయ్యాక తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. రెండు నెలల జీతం బాకీ పెడితే 15 రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందం నుంచి బయటపడే హక్కు ఫిఫా నిబంధనల్లో ఉంది. చాలామంది కుర్రాళ్లకి ఇది తెలియక నెలల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ప్రశ్న: మరి మన రాష్ట్రాల్లో చూడటానికి ఇంక జట్టే లేదా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

ఎందుకు లేదు, శ్రీనిధి దక్కన్ ఉంది. 2021-22 నుంచి రెండో అంచె లీగ్ అయిన ఐ-లీగ్‌లో (2026లో దీని పేరు ఇండియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది) ఆడుతోంది, 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచి, ఐఎస్ఎల్‌కి ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. హైదరాబాద్ శివార్లలో, అజీజ్‌నగర్ దగ్గర దక్కన్ అరీనా అని సొంత మైదానం కూడా ఉంది. షెడ్యూల్ రాగానే ఇక్కడ జరిగే మ్యాచ్‌ల తేదీలు ఇదే పేజీలో వేస్తాం. కరీంనగర్ నుంచి కాస్త దూరమే, ఒక ఆదివారం నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని రండి.