సూర్యుడు మచ్చల్లేని తెల్ల బిళ్లలా వస్తుంటే

బుధ సంక్రమణాన్ని, అంటే బుధుడు సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా దాటడాన్ని, ఫోటో తీయాలని సూర్యుణ్ని తీసి చూస్తుంటే మచ్చలు రావట్లేదు, లెన్స్‌కి పెట్టిన సోలార్ ఫిల్టర్‌దే తప్పా అని అడిగారు. మీ ఫిల్టర్ బాగానే ఉంది, తంటా అంతా ఆటో మోడ్‌తోనే. చుట్టూ నల్లటి ఆకాశం చూసి కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేస్తోంది. అందుకే మీ 300 ఎంఎం లెన్స్‌లో సూర్యుడి మచ్చలు కనబడట్లేదు.

1. మాన్యువల్ మోడ్ పెట్టండి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8, షట్టర్ వేగం 1/500 సెకనుతో మొదలుపెట్టి, బింబం అంచు నడిమి కన్నా కాస్త మసగ్గా కనిపించేదాకా షట్టర్ వేగం పెంచండి.

2. చాలామంది వదిలేసేది ఫోకస్. ఫిల్టర్ లెన్స్ ముందు తగిలించాకే చెయ్యాలి. ఆటోఫోకస్ ఆపి, లైవ్ వ్యూని (కెమెరా తెరమీది బొమ్మని) 10 రెట్లు పెంచి, ఏదైనా మచ్చని చూస్తూ ఫోకస్ రింగు మెల్లగా తిప్పండి. మచ్చ నల్లటి నడిభాగం, చుట్టూ ఉన్న బూడిదరంగు విడివిడిగా తెలియాలి. మచ్చల్లేని రోజున అంచే గతి. ఎండకి లెన్స్ వేడెక్కితే ఫోకస్ పక్కకి జరిగిపోతుంది, మధ్యమధ్యలో మళ్లీ చూడండి. బుధుడి వెడల్పు సూర్యబింబంలో దాదాపు 1/194 వంతు. మీ లెన్స్‌లో మూడు నాలుగు పిక్సెళ్లే! రింగు వెంట్రుకవాసి జరిగినా మాయం.

3. డాబా గచ్చు వేడికి బొమ్మ అలలాడుతుంది. గడ్డినేల మేలు.

మీరు ఎదురుచూస్తున్న బుధ సంక్రమణం 2032 నవంబరు 13న విశాఖలో మధ్యాహ్నం 12 దాటాక మొదలై సాయంత్రం 4.30 దాటేదాకా మొత్తం కనిపిస్తుంది. బీచ్ రోడ్డు మాత్రం వద్దు, ఆ వేళకి సూర్యుడు భవనాల వైపు దిగిపోతాడు.