కొండ ఎక్కే ముందు

అమ్మడూ,

కొండవాలుల మీద మొక్కల సర్వేకి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా గర్వంగా ఉంది. అంతకు మించి టెన్షన్‌గా ఉంది.

దిక్సూచి, వాలు కొలిచే క్లైనోమీటర్, నోట్‌బుక్ ఎలాగూ తీసుకెళ్తావు. మొక్కలు లెక్కపెట్టే ప్రతి నేలముక్క దగ్గరా ఎత్తు, వాలు, అది ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందే రాసుకో.

దక్షిణపు వాలుకు ఎండ, ఉత్తరపు వాలుకు నీడ అని చదివి ఉంటావు. అది ఉత్తరాది చలిదేశాల లెక్క. ఉష్ణమండలంలో సూర్యుడు కొన్నాళ్లు నడినెత్తికి ఉత్తరంగా, కొన్నాళ్లు దక్షిణంగా నడుస్తాడు. భూమధ్యరేఖకు 15 డిగ్రీల ఉత్తరాన, జూన్ మధ్యాహ్నం ఎండ ఉత్తరపు వాలు మీదే సూటిగా పడాలి. కానీ అదే వానాకాలమైన చోట మబ్బు అడ్డం వస్తుంది. నేల ఎండిపోయే జనవరి, ఫిబ్రవరుల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు. అందుకని తడి లేని నెలల్లో ఏ వాలు మీద ఎండ పడుతోందో చూడు. మధ్యాహ్నానికి మబ్బు పట్టే కొండల్లో తూర్పు వాలుకే ఎక్కువ ఎండ దక్కుతుంది, అదీ గమనించు.

మా సీనియర్ ఒకాయన ఎదురెదురు వాలులు చూశాడు. ఒకవైపు గడ్డి, మరోవైపు దట్టంగా చెట్లు. తేడా అంతా ఎండదేనని రిపోర్ట్ రాసేశాడు. ఆ మాట నమ్మి గడ్డివైపు ఎండకు తట్టుకునే మొక్కలు నాటించారు. తర్వాతి వేసవిలో మంటలొచ్చి అన్నీ మాడిపోయాయి. గడ్డిలో మిగిలిన ఒకటీ అరా చెట్ల మొదళ్లు అంతకు ముందు నుంచే నల్లగా కాలి ఉన్నాయి, ఎవరూ వంగి చూడలేదు. ఎండిన వాలు తొందరగా అంటుకుంటుంది, మంట ఏటవాలులో పైకి వేగంగా ఎగబాకుతుంది. తరచూ కాలే చోట చెట్ల మొలకలు నిలవవు, గడ్డి మాత్రం మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. ఆ మాడిన మొక్కలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఫోటో తీసి పరుగెత్తడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది మానుకో. బెరడు తడిమి చూడు, మట్టి తవ్వి బొగ్గు ఉందేమో వెతుకు. శిఖరపు గట్టు మీద చెట్లు పొట్టిగా ఉంటే పలచని మట్టినీ గాలినీ కూడా లెక్కలోకి తీసుకో. పైకెళ్లే కొద్దీ చలి పెరుగుతుంది, కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీలు, స్వెటర్ పెట్టుకో తల్లీ.

లోయలో వాగు పక్కన మట్టి లోతు, నీడ, తేమ ఉంటాయి, అన్నిటికన్నా పచ్చని చెట్లు అక్కడే దొరుకుతాయి. నువ్వు ఆశపడి దిగుతావని నాకు తెలుసు, నా భయమంతా అదే. ఎక్కడో పైన వాన కురిస్తే, నీ నెత్తిన ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. అక్కడి పని పొద్దున్నే ముగించు, ఒంటరిగా దిగకు. సాయంత్రం కిందికి రాగానే నాకొక మెసేజ్ పెట్టు.

నీ పెదనాన్న