నాన్నకు నాలుగేళ్ల జీతం సరిపోయింది... నాకు?

ప్రశ్న: మాది నల్గొండ. నాన్న రిటైర్డ్ టీచరు. 1994లో నెలకు 4,500 జీతంతో, ముందే కొనుక్కున్న 150 గజాల్లో 2.2 లక్షలకు ఇల్లు కట్టారు. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. చేతికి 92 వేలు వస్తుంది. అద్దె 22 వేలు పోను అన్ని ఖర్చులూ అయ్యాక 25 వేలు మిగులుతుంది. పీఎఫ్ కాకుండా 9 లక్షలున్నాయి. మియాపూర్‌లో 85 లక్షల ఫ్లాట్ చూశాం. ‘అద్దె దండగ, నల్గొండ ఇల్లు అమ్మి ఇస్తా, కొనేయ్’ అంటున్నారు నాన్న. కొనమంటారా?

జవాబు: ఈ ఫ్లాట్ ఇప్పుడు వద్దు. నల్గొండ ఇల్లు అసలే అమ్మించొద్దు.

మీ నాన్నగారికి ఇంటి ఖర్చు నాలుగేళ్ల జీతమంత. మీకు దాదాపు ఎనిమిదేళ్లది. అయితే తేడా అంతా ధరలోనే లేదు. ఓసారి ఆయన్నే అడగండి: గృహప్రవేశం నాటికి ఇల్లు ఎంతవరకు అయిందని. ఆ రోజుల్లో చాలామంది ముందు రెండు గదులు లేపి అందులో చేరిపోయేవారు. ప్రహరీ, గచ్చు, రంగులు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా జరిగేవి. జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల పీఎఫ్)లోంచి కొంత, చిట్టీ పాడి కొంత తెచ్చేవారు. ఫ్లాట్‌ను అలా విడతలుగా కొనలేం. లిఫ్టు, పార్కింగు, మనం ఎక్కని ట్రెడ్‌మిల్లు ఉన్న క్లబ్‌హౌస్‌తో సహా ఒక్కసారే కొనాలి.

ఖర్చుల తీరూ మారింది. 1999-2000 సర్వే నాటికి దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో 48 శాతం తిండికే పోయేది. 2023-24లో అది 40 శాతం లోపే. బియ్యం, నూనె ధరల మీద గోల పెడతాం గానీ, జీతాన్ని ఇప్పుడు ఎక్కువగా లాగుతున్నవి అద్దె, ప్రయాణం, ఫీజులు, వైద్యం. నెల బాగోకపోతే కూరల్లో సర్దుకోవచ్చు, స్కూలు ఫీజులో సర్దుకోలేం. అన్నిటికంటే పెద్ద తేడా పింఛను. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన ప్రభుత్వోద్యోగులకు పాత పింఛను ఉంది కాబట్టి ఆయన ఉన్నదంతా ఇంట్లో పెట్టినా వృద్ధాప్యానికి ఢోకా లేదు. మీకా ధీమా లేదు.

ఇక లెక్క. 85 లక్షల్లో బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు. మీరు 17 లక్షలు, తెలంగాణలో 7.5 శాతం చొప్పున రిజిస్ట్రేషన్‌కు మరో 6.4 లక్షలు సొంతంగా తేవాలి. మిగతా 68 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల ఈఎంఐ సుమారు 59 వేలు. అద్దె కాక ఇప్పటి మీ ఖర్చు 45 వేలు. రెండూ కలిస్తే లక్షా 4 వేలు! మెయింటెనెన్సు ఇంకా కలపనేలేదు. అద్దె దండగంటారా? మీరు ఏడాదికి కట్టే 2.64 లక్షలు ఆ ఫ్లాట్ ధరలో 3 శాతమే. మొదటి ఏడాది వడ్డీయే అంతకు రెట్టింపు దాటుతుంది.

నల్గొండ ఇల్లు అమ్మితే పెద్దవాళ్ల సొంత గూడు పోతుంది. పన్ను చిక్కూ ఉంది. లాభంపై మినహాయింపు కావాలంటే కొత్త ఇల్లు అమ్మినవారి పేరున ఉండటమే క్షేమం. మీ పేరున కొంటే పేచీ రావచ్చు.

మూడేళ్లు ఆగండి. ఆ 25 వేలు రికరింగ్ డిపాజిట్‌లో, 9 లక్షలు ఎఫ్‌డీలో వేస్తే 20 లక్షలు చేతికొస్తాయి. ఇంత దగ్గరి అవసరానికి షేర్ల జోలికి పోవద్దు. అప్పుడు బీరంగూడ, పటాన్‌చెరు వైపు 55 లక్షల్లో పాత ఫ్లాట్ చూడండి. సొంత వాటా, రిజిస్ట్రేషన్ కలిపి 15 లక్షలు పోగా 5 లక్షలు అత్యవసరానికి మిగులుతాయి. 44 లక్షల అప్పుకు ఈఎంఐ 38 వేలు. అంటే ఇప్పటి మీ అద్దె, పొదుపు కలిపినదానికన్నా తక్కువే. కొనేముందు భూమిలో మీకు వచ్చే వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. మీ నాన్నగారు తప్పకుండా అడిగే మొదటి ప్రశ్న అదే.