ఉప్పూ కరిగింది, గడ్డా కరిగింది

సందేహం: మంచుగడ్డ మీద ఉప్పు చల్లితే గడ్డ ‘కరుగుతుంది’ అంటాం. ఆ ఉప్పు నీటిలో ‘కరుగుతుంది’ అనీ అంటాం. రెండు వేరు మార్పులకు ఒకే మాట ఉండటం తెలుగులో పదాల కొరత కాదా? గడ్డ ‘ద్రవీభవించబడుతుంది’ అంటే స్పష్టంగా ఉండదా?

సమాధానం: ముందు ఆ ‘బడుతుంది’ని తీసేయండి. ద్రవం కానిది ద్రవం కావడమే ద్రవీభవనం. ‘అగు’ అనే అర్థం అందులోనే ఉండగా దానికి ‘బడు’ తగిలించడమెందుకు? ‘నీరు ఘనీభవించబడింది’ అని రాసేవారికీ ఇదే నా మాట. ‘గడ్డకట్టింది’ అనడానికి మొహమాటం దేనికి?

ఇక కొరత సంగతి. ‘కరుగు’ క్రియకు పాత రూపం ‘కరఁగు’, అరసున్నతో. కరిగించడం ‘కరఁచు’. పళ్ళతో చేసే ‘కఱచు’ దీనికి చుట్టం కాదు, అందులో ఉన్నది బండి ఱ. కన్నడంలో ‘కరగు’, తమిళంలో ‘కరై’ దీని తోబుట్టువులు. తమిళులు వేడికి కరిగేదాన్ని ‘ఉరుగు’ అని, నీటిలో కరిగేదాన్ని ‘కరై’ అని విడదీసుకున్నారు. మనమూ కన్నడిగులూ రెండు పనులూ ఒక్క మాటకే అప్పగించాం. మరి సంస్కృతం? ‘ద్రు’ ధాతువుకు పరుగెత్తడం, ప్రవహించడం అని అర్థం. ద్రవం, ద్రవీభవనం దాని నుంచి వచ్చినవే. ద్రావణం (ఉప్పునీటి లాంటిది), ద్రావణి (కరిగించుకునే నీరు), ద్రావితమూ (కరిగే ఉప్పు) దాని నుంచే వచ్చాయి. విడదీశామనుకున్న పారిభాషిక పదాలు రెండూ ఒకే తల్లి బిడ్డలు! తెలుగొక్కదాన్నే తప్పుపడితే ఎలా?

మీ ఉదాహరణనే దగ్గరగా చూడండి. సున్నా డిగ్రీలకు కాస్త దిగువనున్న గడ్డ మీద కూడా సన్నని తడిపొర ఉంటుంది. ఉప్పురవ్వ అందులో కరుగుతుంది. మంచు స్ఫటికం నీటి అణువులనే చేర్చుకుంటుంది, ఉప్పును దాదాపుగా రానివ్వదు. తడిలో ఉప్పు చేరి నీటి అణువులు పలచబడ్డాక గడ్డలోకి తిరిగి చేరేవి తగ్గుతాయి, విడిపోయేవి మాత్రం విడిపోతూనే ఉంటాయి. రవ్వ కింద చిన్న గుంట పడుతుంది. సముద్రపు నీరు సుమారు −1.8 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టకపోవడానికి కారణం ఇదే. ఉప్పునీటి మొత్తం బరువులో ఉప్పు సుమారు 23 శాతం ఉంటే −21 డిగ్రీల వరకూ ఆ నీరు గడ్డకట్టదు. ఇప్పుడు చెప్పండి, ఆ గుంటలో మంచు ద్రవంగా మారిందా, ఉప్పునీటిలో కలిసిపోయిందా? రెండూ నిజమే. అక్కడ ‘కరిగింది’ కంటే సరైన మాట నాకు తోచదు.



ఒకే వాక్యంలో రెండు కరగడాలూ వచ్చి చదివేవారు తడబడతారనిపిస్తే ‘ఉప్పు కరిగి గడ్డ నీరైంది’ అనవచ్చు. ‘ఉప్పు కలిసి’ అంటే చాలదు, బురద కూడా నీటిలో కలుస్తుంది. ‘ద్రవీభవిస్తుంది’ని శాస్త్ర పాఠాల్లో వద్దనను, మామూలు రాతలో మాత్రం నేను రాయను.